గిన్నె బోర్లిస్తే ఆర్కెస్ట్రా!

ఎంసెట్ కోచింగ్‌లో చేరాక నా వయొలిన్ అటకెక్కింది. ఇప్పుడు ఎలమంచిలి ఇంట్లో రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తుంటాను. "నువ్వేం వాయిస్తున్నావో మాకేం తెలుస్తుందిరా?" అంటుంది అమ్మ.

నిజమే కదా! ఈ చిక్కు అమెరికా వాళ్లకీ వచ్చింది. 2005లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో డాన్ ట్రూమన్, పెర్రీ కుక్ ల్యాప్‌టాప్ ఆర్కెస్ట్రా మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ ఒక ల్యాప్‌టాప్, పక్కనే అర్ధగోళం లాంటి సొంత స్పీకర్. అందరి శబ్దం కలిసిపోయి స్టేజి పక్క పెద్ద బాక్సుల్లోంచి రాదు. వయొలిన్‌లా, మృదంగంలా వాయించే మనిషి దగ్గర్నుంచే వస్తుంది. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో గె వాంగ్ బృందమైతే చెక్క సలాడ్ గిన్నెలు బోర్లించి, వాటికి కార్ స్పీకర్లు బిగించేసింది! వాళ్లు వాడే 'చక్' అనే ప్రోగ్రామింగ్ భాష మనకీ ఉచితమే.

మొన్న సంక్రాంతికి ఇద్దరు ఫ్రెండ్స్ వస్తే మేమూ ట్రై చేశాం. మూడు ల్యాప్‌టాప్‌లు, మూడు చిన్న స్పీకర్లు. మొదట బ్లూటూత్ పెట్టాం. కీ నొక్కాక కాసేపటికి గానీ శబ్దం రాదు, తాళం తప్పింది. వైర్లు పెట్టాక దారికొచ్చింది. అప్పటిదాకా స్క్రీన్లు చూసుకున్న ముగ్గురం, పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినడం మొదలెట్టాం.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "కిటికీ దగ్గర్నుంచి వచ్చేది నీదే కదరా?"

నాదే. వయొలిన్ మానేశాక అమ్మ నా వాయింపు గుర్తుపట్టడం అదే మొదటిసారి.