పచ్చలోని తేడాలు

రంగు ఎంత పెంచితే ప్రకృతి దృశ్యం అంత అందగిస్తుందన్న నమ్మకం మన విద్యార్థులలో బలపడుతున్నది. ఫోనుతో తీసిన అలీసాగర్ బొమ్మలలో నీరు నీలిమందు కలిపినట్లుంటుంది. చెట్లు నిన్ననే రంగు వేసిన తలుపులవలె మెరుస్తాయి.

ఇందుకు ఫోనును మాత్రమే నిందించరాదు. ఈ తగవు స్లైడ్ ఫిల్మ్ నాటిదే. నెగెటివ్ అయితే అచ్చువేసేటప్పుడు రంగును సవరించుకోవచ్చును. స్లైడులో కెమెరాలో వెలుగు తాకిన ఫిల్మే కడిగిన పిమ్మట బొమ్మ అవుతుంది; కాబట్టి రంగు గాఢత చాలావరకు ఫిల్మును ఎన్నుకొన్ననాడే తేలిపోయేది. కోడాక్రోమ్ మీద రఘుబీర్ సింగ్ మన దేశపు నదులను, వీధులను చిత్రించారు. 1990లో ఫ్యూజీ సంస్థ తెచ్చిన వెల్వియాలో ఆకుపచ్చ, ఎరుపు కంటికి కనబడినదానికంటె చిక్కగా వచ్చేవి. వెలుగు రవంత తగ్గించి తీస్తే రంగు ఇంకా చిక్కనయ్యేది. ఇది చూచినదా, కోరుకొన్నదా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది, ప్రశ్న ఆగలేదు.

నా మట్టుకు గాఢత దోషం కాదు. వాన వెలిసి, ఆకుమీది దుమ్ము కడుక్కుపోయిన వేళ ఎడపల్లి చేలు నిజంగానే గాఢంగా ఉంటాయి. భేదం చెరిగిపోవడమే దోషం. చెరకుతోట పచ్చ ముదురు, కొంత మసక. కొత్తగా నాటిన వరి పసుపు కలిసిన లేతపచ్చ. ఇది కేవలం కంటికింపైన తేడా కాదు. బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు తగ్గి, ఆ చేలలో వరి పెరిగింది. రంగు పెంచిన బొమ్మలో ఆ రెండు పచ్చలూ ఒక్కటైపోతాయి. చూచేవారు ఇక్కడ ఏమీ మారలేదనుకొంటారు. ఒక ప్రాంతపు రైతుల కష్టం మీద అంత అందమైన దుప్పటి కప్పడం నాకు సమ్మతం కాదు.

రాజా దీన్ దయాళ్ నలుపు తెలుపు చిత్రాలలో అసలు రంగే లేదు గదా, అవి వాస్తవం కావా అని కొందరు అడుగుతారు. అవి రంగు చూపుతున్నామని చెప్పుకోలేదు, ఎవరూ మోసపోలేదు.

వచ్చే సంచికకు బొమ్మలు ఎన్నుకొనేటప్పుడు కమిటీ పెద్దలు ప్రతి బొమ్మకూ ఊరు, నెల, వేళ, పైరు పేరు అడగవలెను. మే నెల మధ్యాహ్నం తెల్లబారిన అలీసాగర్‌ను ఏ విద్యార్థి అయినా తెల్లగానే తీసి పంపితే, వెలిసిపోయిన బొమ్మ అని దానిని పక్కన పెట్టవద్దని మనవి.