ఏళ్లు గడిస్తే పెరిగే అంకె

హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ వరి పరిశోధకులు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీతో కలిసి రూపొందించిన మెరుగైన సాంబ మసూరి వరి వంగడం 2008లో విడుదలైంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన అసలు సాంబ మసూరి, అంటే బీపీటీ 5204కు, ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చారు. ఆ విత్తనాన్ని ఎంతమంది రైతులు చల్లినా ఒక్క సైటేషన్ కూడా రాదు. దాని మీద రాసిన పేపర్‌ను మరో పేపర్ ప్రస్తావిస్తేనే లెక్కకు వస్తుంది. అయినా ఇప్పుడు పరిశోధకుల ఉద్యోగానికైనా ప్రమోషన్‌కైనా చాలాచోట్ల ముందు చూసేది హెచ్-ఇండెక్స్‌నే.

2005లో అమెరికాలోని భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన కొలత ఇది. కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు పది ఉంటే ఇండెక్స్ 10. ఒక పరిశోధకురాలు ఏటా రెండు పేపర్లు రాస్తారనీ, ఒక్కోదానికి ఏటా రెండు సైటేషన్లు వస్తాయనీ అనుకుందాం. పదేళ్లకు, మొదటి ఐదేళ్లలో రాసిన పది పేపర్లకూ పదేసి వచ్చి ఉంటాయి కనుక ఆమె ఇండెక్స్ 10. ఇదే తీరున సాగితే ఇరవై ఏళ్లకు 20. పనిలో పదును ఇసుమంతైనా పెరగలేదు, అంకె మాత్రం రెట్టింపయింది. పైగా ఇది తగ్గడమన్నది ఎరగదు. కలం మూసేసినా పెరుగుతుంది. మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1948లో కన్నుమూశారు. సహ పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఆ తర్వాత దశాబ్దాల పాటు పరిశోధకులు ఉటంకిస్తూనే వచ్చారు. అది ఆయన ఘనతే, కాదనలేం. ఒకరు ఇప్పుడేం చేస్తున్నారో మాత్రం అలాంటి లెక్క చెప్పదు.

అంకెలు తీసేస్తే సిఫారసులే రాజ్యమేలుతాయనే అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. మన విశ్వవిద్యాలయాల సంగతి అందరికీ తెలుసు. ఇండెక్స్‌ను పనిచేసిన ఏళ్లతో భాగించమని హిర్షే సూచించారు. అది కొంత నయం. కానీ ఒక వరి వంగడం తేలడానికి ఏళ్లు పడుతుంది, కంప్యూటర్ సైన్స్ పేపర్ నెలల్లో రావచ్చు. ఆ రెండు రంగాల వారినీ ఒకే గాటన కట్టలేం. సైటేషన్లు లెక్కగట్టే గూగుల్ స్కాలర్ చూపే గత ఐదేళ్ల అంకెలోనూ పాత పేపర్లకు కొత్తగా వచ్చిన సైటేషన్లు కలిసే ఉంటాయి.

అందుకే సెలక్షన్ కమిటీలకు ఒక్క విన్నపం: అభ్యర్థిని గత ఐదేళ్లలో రాసిన తన పేపర్లలో మూడింటిని ఎంచుకోమనండి, ఇంటర్వ్యూకు ముందే వాటిని చదవండి, ఇండెక్స్‌ను ఆ తర్వాత, అదే రంగంలో అంతే అనుభవమున్న వారితో మాత్రమే పోల్చండి.