ఉపవాక్యం ఇంగ్లీషు సొత్తా?

తెలుగులో ఉపవాక్యాలు లేనందువల్లనే మన విద్యార్థులకు ఇంగ్లీషు సంశ్లిష్ట వాక్యం పట్టుబడదన్న వాదన సంతోష్‌నగర్ ట్యూషన్ గదుల్లోనూ వినిపిస్తోంది. ఇది నిరాధారం. ‘మేము కట్టిన ఇల్లు’, ‘ఇల్లు కట్టిన మేస్త్రి’, ‘ఇల్లు కట్టిన ఏడాది’ – మూడింటిలోనూ ఉపవాక్యం ఒదిగే ఉంది. ఇంగ్లీషు దానిని ‘విచ్’, ‘హూ’, ‘వెన్’లతో నామం తర్వాత నిలుపుతుంది, తెలుగు క్రియాజన్య విశేషణంతో నామానికి ముందే ముగిస్తుంది. విద్యార్థి తడబడేది ఈ క్రమభేదం వద్దనే.

చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ వెలువడింది 1975లో. నేటికీ బోధకులు ‘ఏ ఇల్లయితే కట్టామో ఆ ఇల్లు’ అనే అనువాదాన్నే ఆశ్రయిస్తున్నారు. ‘ఎవరు అడిగారో వారికే ఇచ్చాం’ తెలుగే, కాదనను. కాని ప్రతి ఉపవాక్యాన్నీ ఆ మూసలో పోస్తే ఇంగ్లీషు క్రమం బోధపడదు, తెలుగు వాక్యమూ కుంటుపడుతుంది. మన శాఖల వాక్యవిచారం ఆ గదుల దాకా చేరకపోవడానికి బాధ్యులం మనమే.