పైకప్పు కింద పొంచి...

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లోని సింగరేణి భూగర్భ గనుల్లో గ్యాస్ ఉందేమోనని మైనింగ్ సర్దార్ వెతికేది పైకప్పు దగ్గర. బొగ్గులోంచి వచ్చే మీథేన్ బరువు గాలిలో సుమారు సగమే మరి! అందుకే పైకి చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం కలిసిందా... నిప్పురవ్వ చాలు, పేలుడే!

వేడెక్కితే మామూలు గాలీ తేలికవుతుంది. అణువులు జోరందుకుని ఎడంగా జరుగుతాయి. చోటు అంతే, అందులో పట్టే అణువులు తక్కువ. దీన్ని నమ్ముకునే బ్రిటన్‌లో ఒకప్పుడు గని అడుగున కొలిమి రాజేసేవారు. వేడిగాలి ఒక షాఫ్టులోంచి పైకి పోతే, రెండోదాంట్లోంచి చల్లగాలి దిగేది. మీథేన్ ఉన్నచోట మంట... తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది!

ఇప్పుడా పని భారీ ఫ్యాన్లది. అవి ఆగిపోతే కార్మికులు బయటికి రావాల్సిందే. గాలి ఆడకపోతే మీథేన్ మళ్లీ పైకప్పు కింద పేరుకుంటుంది.