హార్న్ డబ్బులు నేనే ఇచ్చాను

మా వాడి బండికి పెద్ద హార్న్ పెట్టించుకోమని డబ్బులిచ్చింది నేనే. ముందు ఆ మాట ఒప్పేసుకుని మిగతాది రాస్తాను.

వాడిది సెకండ్ హ్యాండ్ బైకు. హార్న్ కొడితే మేకపిల్ల అరిచినట్టుండేది. ఓ రోజు బెజవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర లారీకి ఎడమపక్క నుంచి వెళ్తుంటే లారీ వీడి మీదకే జరిగింది. నొక్కిన హార్న్ డ్రైవరుకి వినపడలేదు. బండి మట్టిలోకి దింపేసి, మోచెయ్యి చీరుకుపోయి ఇంటికొచ్చాడు. ఆ చెయ్యి చూశాక నాకింకేం తోచలేదు. "ఎంతైనా పర్లేదు, లారీవాడికి వినపడేది పెట్టించుకోరా" అన్నాను. మావారు ఏదో అనబోతే, "మీకేం తెలుసండీ" అని నోరు మూయించాను.

ప్రెషర్ హార్న్ బిగించుకొచ్చాడు. మూడోరోజు సాయంత్రం మా సందు మలుపులో కొట్టాడు. పాలపాకెట్టుతో వస్తున్న పక్కింటి మామ్మగారు ఉలిక్కిపడి పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. చూడ్డానికి వెళ్తే, "పిల్లాడు కావాలని చేశాడా ఏంటమ్మా" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు వాడితో నేనూ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ మెకానిక్ అబ్బాయి చెప్పాకే నాకు తెలిసింది. రూల్స్ ప్రకారం రకరకాల స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి మోగేవీ, కర్ణకఠోరంగా అరిచేవీ మామూలు బండ్లకి పెట్టకూడదట. 1989 నుంచీ ఉన్న రూలే. అనవసరంగా హార్న్ కొడితే చట్టంలో మొదటిసారి 1000, మళ్లీ కొడితే 2000 జరిమానా. అన్నీ తెలిసినవాళ్లే మరి అవి అమ్ముతున్నారెందుకో!

హార్న్ మార్చడమే తప్పని నేననను. వినపడని హార్న్ ఉన్నా లేనట్టే. సన్నగొంతుది ఒకటి, బొంగురుగొంతుది ఒకటి, రెండూ కలిసి మోగే మామూలు హార్న్ల జత దొరుకుతుంది. చెవిని పొడవదు, కానీ ట్రాఫిక్‌లో తెలుస్తుంది. దానికి రిలే తప్పకుండా వేయించాలి. లేకపోతే రెండు హార్న్ల కరెంటూ ఆ చిన్న స్విచ్ గుండానే పోయి, కొన్నాళ్లకి స్విచ్ మాడిపోతుంది. అవసరమైన రోజున నొక్కితే పలకదు. రిలే వేస్తే కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా హార్న్‌కి వెళ్తుంది. మేమూ అదే వేయించాం.

నా కోపమల్లా హార్న్‌ని నమ్ముకుని బండి నడపడం మీద. పెద్ద హార్న్ పెట్టాక మా వాడి వేగం పెరిగింది, నేను వెనక కూర్చుని చూశాను. బ్రేకు వేయాల్సిన చోట హార్న్ కొడుతున్నాడు. అసలు ఆ రోజు లారీ అద్దంలో డ్రైవరు మొహం నీకు కనపడిందా అనడిగాను. లేదన్నాడు. నీకతను కనపడకపోతే అతనికి నువ్వూ కనపడవు కదరా! ఇంజను రొదలో కూర్చున్న మనిషి చెవి మీద ప్రాణం పెట్టుకుని ఆ పక్కన దూరడమేంటి? ఈ మాట మొదటిరోజే, మోచేతికి మందు రాస్తూ చెప్పాల్సింది. చెప్పకుండా డబ్బులిచ్చాను.

మామ్మగారి కట్టు వచ్చే శుక్రవారం విప్పుతారట. అప్పటిదాకా వాళ్ల పాలపాకెట్టు మా వాడే తెచ్చిస్తున్నాడు, నడిచి వెళ్లి.