ఇంటి కప్పు కింద ఒక 'అ'

మొన్నొక సాయంత్రం గోరుచిక్కుడు కాయలు తుంచుకుంటూ కూర్చున్నాను. ఎదురుగా మా ఆడపడుచు కూతురు నోటుబుక్కు నిండా ఒకే అక్షరం దిద్దుతోంది. ఉద్యోగం కోసం జపాను భాష నేర్చుకుంటోంది లెండి. "ఏమిటే ఆ జిలేబీ చుట్టలు?" అన్నాను. "ఇది వాళ్ళ 'అ' అత్తయ్యా" అంది.

పైన చిన్న అడ్డగీత, దాన్ని దాటుతూ దిగే నిలువుగీత, వాటి మీదుగా తిరిగే ఒక మెలిక. అంతే, మూడు గీతలు! 'హిరగానా' అనే ఆ లిపిలోని 46 అక్షరాల పట్టిక దీనితోనే మొదలు. ఎరుపు 'అక', పొద్దుట 'అస', వాన 'అమె', ధన్యవాదాలకి 'అరిగతో'.

అ, ఇ, ఉ, ఎ, ఒ... ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. వింటుంటే మనం చిన్నప్పుడు పలక మీద దిద్దిన వరసలా లేదూ? ఉంటుంది మరి! బౌద్ధంతో పాటు మన సంస్కృతం కూడా ఆ దేశం వెళ్ళింది. ఆ అక్షరాలు చదువుకున్న భిక్షువుల వల్లే ఈ వరస అక్కడ కుదిరింది.

వరస మనదైనా, రూపం చైనాది. చైనా లిపిలో 'శాంతి' అనే అర్థమిచ్చే అక్షరం ఒకటుంది. పైన ఇంటి కప్పు, కింద ఆడమనిషి. దాన్ని కుంచెతో గబగబా రాసీ రాసీ, చివరికి ఈ 'అ' అయింది. ఆ మాట వినగానే నాకెంత సంతోషమేసిందో! కానీ మా పిల్ల అక్కడితో ఆగలేదు. జపానులో అదే చైనా అక్షరాన్ని 'చవక' అనడానికి కూడా వాడతారట! చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఇంటిపట్టున ఉండే మనిషి అటు శాంతీ, ఇటు చవకా... రెండూనా?

అసలు కథ ఇంకా ఉంది. ఇప్పటికి సుమారు 1100 ఏళ్ళ కిందట జపానులో పెద్ద చదువంటే చైనా అక్షరాలే. అది మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళకి మిగిలింది హిరగానా. దానికి 'ఒన్నదె' అని పేరు, అంటే ఆడచేతి రాత. పద్యాలకీ ఉత్తరాలకీ మగవాళ్ళూ వాడుకునేవారు గానీ, పేరు మాత్రం అదే. సుమారు 935లో కి నొ త్సురాయుకి అనే కవిగారు తన ప్రయాణం డైరీని ఈ లిపిలో రాయాలనుకుని, ఆడమనిషి రాసినట్టుగా రాశారు!

మురసకి షికిబు అనే ఆవిడ సంగతి వినండి. తోడబుట్టినవాడికి చైనా పాఠాలు చెబుతుంటే, పక్కన కూర్చుని వింటున్న ఈవిడకే ముందు వచ్చేసేవట. మగపిల్లాడివై పుట్టలేదే అని తండ్రి బాధపడ్డాడని తన డైరీలో రాసుకుంది. అయితేనేం, 11వ శతాబ్దం మొదట్లో ఆ ఆడచేతి రాతలోనే 'గెంజి కథ' రాసింది. ప్రపంచపు తొలి నవలల్లో ఒకటని దాన్ని నేటికీ చదువుతున్నారు. 1900లో జపాను ప్రభుత్వం బడి పిల్లల కోసం ఒక్కో శబ్దానికి ఒక్కో రూపం ఖాయం చేసింది. ఇప్పుడు ఆడా మగా పిల్లలందరూ బడిలో ముందు నేర్చేది హిరగానాయే.

నాకు ఇంటర్ కాగానే పెళ్ళి కుదిరింది, పుస్తకాలు అటకెక్కాయి. మీలోనూ నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. ఆ రాత్రి వంటిల్లు సర్దేసి, పాల లెక్కల పుస్తకం వెనక అట్ట మీద ఆ అక్షరం దిద్దాను. మెలిక పక్కకి ఒరిగిపోయింది. "పర్లేదు, ఇంకోసారి రాయత్తయ్యా" అంది పిల్ల. మూడోసారికి కుదిరింది!

మీ ఇంట్లో పిల్లలు ఏదైనా కొత్తది నేర్చుకుంటుంటే, ఓ పది నిమిషాలు మీరూ పక్కన కూర్చోండి. చిక్కుడుకాయలు ఎక్కడికీ పోవు. కప్పు కింద ఉన్నంత మాత్రాన మనమేం చవక కాదు కదా!