ఊకదంపుడు కాకూడని ఊక

రాజధానిలో ఊకదంపుడు ప్రసంగాలకు ఎన్నడూ కొరత లేదు. నిజమైన ఊకను గురించి ఆలోచించే తీరిక మాత్రం పాలకులకు అరుదు. వరి ఊకను గాలి సోకకుండా కాల్చి, ఆవిరితోనో రసాయనాలతోనో సంస్కరిస్తే అసంఖ్యాక సూక్ష్మరంధ్రాలు గల ఉత్తేజిత కర్బనం తయారవుతుంది. కలుషిత జలంలోని అనేక విషాలను అది పట్టి ఉంచుతుంది.

ఈ విద్యకు భిలాయిని మించిన పరీక్షాస్థలం లేదు. సోవియట్ సహకారంతో నిర్మితమైన ఆ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. చుట్టూ ఉన్నది ఛత్తీస్‌గఢ్ వరిసీమ. ధాన్యం బరువులో సుమారు ఐదోవంతు ఊకే. ఇక బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల మురుగునీటిలో ఫినాల్, సయనైడ్, అమ్మోనియా ఉండడం ఉక్కు పరిశ్రమకు సహజం. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడినందున ఇది మనకు పరాయి సమస్య కాదు.

వ్యాధి, ఔషధం ఒకేచోట ఉన్నాయని సంబరపడడం తొందరపాటే అవుతుంది. కోక్ బట్టీల నీటిని ప్రధానంగా శుద్ధిచేసేవి సూక్ష్మజీవులు. కర్బనం చివరి మెరుగు మాత్రమే. ఊక ఊరికే దొరికేదీ కాదు. బాయిలర్ల ఇంధనంగా దానికి ధర ఉన్నది. అన్నిటికంటె ముఖ్యం, కర్బనం విషాన్ని హరించదు, తనలో దాచుకుంటుంది. వాడిన కర్బనాన్ని ఎక్కడో గుమ్మరిస్తే కాలుష్యం నీటిని వదలి నేలకెక్కుతుంది. 2016 నాటి నిబంధనలు దానిని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చినది అందుకే.

మన నల్లగొండ అనుభవం స్మరణీయం. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. పేరు దేశాంతరాలకు పాకింది. నిత్యం మోతాదు చూసి, మడ్డి తొలగించే ఏర్పాటు కొరవడి, పద్ధతి మాత్రం ఊళ్లలో నిలదొక్కుకోలేదు. జిల్లాకు ఊరట కలిగించినవి ప్రధానంగా కృష్ణా జలాలు.

కనుక ప్రశ్న రసాయన శాస్త్రానికి సంబంధించినది కాదు, బాధ్యతకు సంబంధించినది. 1974 నాటి జలకాలుష్య నిరోధక చట్టంలో అనేక నేరాలకు ఉన్న జైలుశిక్షను 2024 సవరణ తొలగించి, పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల జరిమానాతో సరిపెట్టింది. దానిని స్వీకరించే నిర్ణయం రాష్ట్రాలకు విడిచిపెట్టింది. భారీ పరిశ్రమకు పదిహేను లక్షలు ఏపాటి? భిలాయి ప్రభుత్వరంగ సంస్థ గనుక లెక్క అడిగే హక్కు పార్లమెంటుకు ఉన్నది. ఊక కొనేదెవరు, కర్బనం మార్చేదెవరు, వాడినదాన్ని మోసేదెవరు? ఈ మూడు ఖర్చులూ కర్మాగారం పద్దులో చేరాలని నా నిశ్చితాభిప్రాయం. ఊక రైతుది, విషం పరిశ్రమది. విషం ఖర్చు రైతు నెత్తిన పడితే, అంతా ఊకదంపుడే.